క్లాంపు కింద నెమలికంఠం రంగు

గుణుపురంలో సన్యాసయ్య చేయి పడిన మోటారు ఏదో కనిపెట్టడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. నెమలికంఠం రంగులో నిగనిగలాడుతూ ఉంటే అది సన్యాసయ్యదే. మోటారొక్కటే అనుకునేరు! దాని కింద దిమ్మ, పక్కన స్టార్టరు పెట్టె, గోడ మీద పాకిన గొట్టాలు, ఆ గొట్టాల మేకులు, అన్నిటికీ అదే రంగు. ఒకసారి మిల్లు గోడవార పడుకున్న మేక కొమ్ముకి కూడా తగిలిందని, మేకని వెతుక్కుంటూ వచ్చిన ఆసామి "ఇది కూడా కరెంటుతోనే నడుస్తాదా?" అని అడిగేడని చెప్పుకుంటారు. నిజమో కాదో ఎవరూ విచారించలేదు. సన్యాసయ్య గురించి అలాంటివి నమ్మడానికి ఊళ్ళో ఎవరికీ ఇబ్బంది లేదు.

మనిషిది పద్మపూర్ పక్క రైతు కుటుంబం. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒడిశాలో నాగలి పట్టినవాళ్ళు. ఇతనికి మాత్రం నాగలి అచ్చిరాలేదు. వీడికి ఒళ్ళు వంగదు అని తండ్రి అనేవాడు, నా బుర్ర వేరే పని మీదుంది అని ఇతను అనేవాడు. ఆ బుర్రని తీసుకుని కొరాపుట్ వెళ్ళి, అక్కడొక వర్క్‌షాపులో కాలిపోయిన మోటార్లకి కొత్త తీగ చుట్టడం నేర్చుకున్నాడు. కొరాపుట్ జిల్లాని కోసి రాయగడని వేరే జిల్లా చేసిన రోజుల్లో గుణుపురం వచ్చి షాపు పెట్టేడు. గవర్నమెంటు వారు జిల్లా ఇచ్చేరు, జిల్లాకి తగిన మెకానిక్కుని నేనిచ్చేను అన్నట్టుండేది అతని వాలకం.

పని రాదని కాదు. వచ్చు. వచ్చిన పనికన్నా నాలుగింతలు వచ్చనుకోవడంతోనే పేచీ. ఎవరు ఏం చెప్పబోయినా వాక్యం పూర్తవనిచ్చేవాడు కాదు. "అదా, నాకు తెల్సు" అనేసేవాడు. డాక్టరు మందు ఎలా వేసుకోవాలో చెబుతుంటే నాకు తెల్సు. బస్సు కండక్టరు ఈ బండి బిస్సమ్ కటక్ వెళ్ళదని చెబుతుంటే నాకు తెల్సు. ఆ బస్సే ఎక్కి ఇంకెక్కడో తేలి, మర్నాడు ఇల్లు చేరి, అటు కూడా పనుందని చెప్పిన ఘనుడు.

పెళ్ళాం ఎర్రమ్మ. పద్మపూర్ గున్నయ్య కూతురు. గున్నయ్య ఆ చుట్టుపక్కల తెలుగు రైతుల్లో పెద్దతల, మాట మీద నిలబడే మనిషి, ఎదటివాళ్ళు కూడా నిలబడాలనే మనిషి. గుణుపురంలో సూర్యారావుగారి బియ్యం మిల్లులో మోటార్ల పని అల్లుడికి దొరికిన దగ్గర్నుంచీ, తన ధాన్యం, తన చుట్టాల ధాన్యం అంతా ఆ మిల్లుకే తోలించేవాడు. దారిలో నాలుగు మిల్లులున్నా సరే. "మా అల్లుడుండగా మనకి అన్నాయం జరగదు" అనేవాడు. ఆ మాట నమ్మి జనం వచ్చేవారు. సూర్యారావు మూడు తరాల కోమటింటి బిడ్డ, అలాంటి మాట విలువ ఆయనకి తెలుసు. అందుకే సన్యాసయ్య మేక కొమ్ముకి రంగేసినా ఏమీ అనలేదు.

ఇక విశ్వకర్మ పూజ. సెప్టెంబరు మధ్యలో ఒడిశాలో మిషన్లున్న ప్రతిచోటా జరిగేదే. ఆ రోజు మిషన్లకి సెలవు. అందరూ కడుగుతారు, బొట్లు పెడతారు, దండలేస్తారు, బూందీ పంచుతారు. సన్యాసయ్యకి అది చాలదు. పూజకి వారం ముందే డబ్బా, కుంచె పట్టుకుని దిగిపోయేవాడు. "దేవుడు స్వయంగా వచ్చి సూసే రోజు. బోడి ఇనుము సూపిస్తామేటి?" అనేవాడు. ఏటా ఒక పొర. మోటార్లు లావెక్కిపోతున్నాయని సూర్యారావు నవ్వేవాడు. పాత రోజుల్లో దానివల్ల ఎవరికీ నష్టం లేదు. మోటారుకి రంగేస్తే ఏమిటి, ముగ్గేస్తే ఏమిటి, తిరిగేది తిరుగుతుంది.

రెండువేల రెండు వేసవిలో సూర్యారావుకి ఆధునికత పట్టింది. ధాన్యాన్ని బట్టి మోటారు వేగం తగ్గించుకుంటే నూక తక్కువ పడుతుందని ఎవరో చెప్పేరు. అలా వేగం మార్చే డ్రైవు అనే పెట్టె ఒకటి, దాంతోపాటు ఎర్రటి అంకెలు వెలిగే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి విశాఖపట్నం నుంచి తెప్పించేడు. వాటిని బిగించడానికి సాయిగణేష్ అనే కుర్ర ఇంజనీరు అక్కణ్ణుంచే బయల్దేరి, నౌపడలో మారి, నత్తలా పాకే చిన్న రైల్లో వచ్చేడు. ఆ రైలు సంగతి తెలిసినవాళ్ళకి అతను దిగేటప్పటికి మొహం ఎలా ఉందో చెప్పక్కర్లేదు. అయినా ఓపిగ్గా చెప్పేడు పాపం.

"చూడండి సన్యాసయ్యగారూ, ఈ డ్రైవు కరెంటుని ముక్కలు ముక్కలుగా తరిగి మోటారుకి పంపుతుంది. ఆ తరగడంలో రొద పుడుతుంది. మన చెవికి వినపడదు గానీ..."

"నాకు తెల్సు."

"...కాటా లాంటి సున్నితమైన వాటికి అది తగిలితే అంకెలు పిచ్చెక్కినట్టు ఎగురుతాయి. అందుకే ఈ కేబులు లోపల తీగల చుట్టూ రాగి వల అల్లి ఉంటుంది. దీన్ని షీల్డు అంటారు. రొదని బయటికి పోనీకుండా పట్టి, వచ్చిన పెట్టెలోకే తిప్పి పంపేస్తుంది. కానీ వల రెండు కొసలూ, ఇటు పెట్టె దగ్గరా అటు మోటారు దగ్గరా, ఉత్త ఇనుముని కరుచుకుని ఉండాలి. మధ్యలో తుప్పు, జిడ్డు, రంగు..."

"నాకు తెల్సు బాబూ. మీరు టీ తాగండి."

ఇంజనీరు టీ తాగలేదు. ఉప్పుకాగితం పట్టుకుని తనే పెట్టె లోపల అరచేయంత మేర, మోటారు మీద అరచేయంత మేర తెల్లగా మెరిసేదాకా గీకి, వల మీద వెడల్పాటి పట్టీల్లాంటి క్లాంపులు వేసి బిగించేడు. మోటారు వేసి కాటా మీద బస్తా పెడితే అంకె కదల్లేదు. సూర్యారావు చేతులు నలుపుకున్నాడు. కుర్రాడు మళ్ళీ ఆ రైలే ఎక్కి, దేవుడి దయవల్ల ఇల్లు చేరేడు.

అందరూ కాటా చూస్తుంటే సన్యాసయ్య ఆ బోడి ఇనుము చూస్తున్నాడు. తన పెట్టెలో, తన మోటారు మీద, రంగు గీకేసిన మచ్చలు. మిల్లులోకి వచ్చినప్పుడల్లా కళ్ళు అక్కడికే పోయేవి. పూజ వచ్చేదాకా ఓర్చుకున్నాడు, అదే గొప్ప. పూజ వారంలో క్లాంపులు రెండూ ఊడదీసి, కింద శుభ్రంగా తుడిచి, రెండు పొరలు నెమలికంఠం పట్టించేడు. క్లాంపులకి లోపలా బయటా వేసేడు. ఆరేక మళ్ళీ బిగించేడు. ఎంత బిగించేడంటే ఏనుగు వచ్చి లాగినా ఊడదు. "ఇప్పుడు సూడండి, ఎలాగుందో!" అని సూర్యారావుని పిలిచి చూపించేడు. నిజంగానే చూడ్డానికి బాగుంది. రంగు కరెంటుని దాటనివ్వదని, ఇప్పుడా రాగి వల రెండు చివరలా గాల్లో వేలాడుతున్నట్టే లెక్కని పూజకొచ్చిన పంతులుగారికి ఎలాగూ తెలీదు. తెలియాల్సినవాడికి అన్నీ తెలుసు కదా.

అప్పటికి పాత ధాన్యం అయిపోయింది. కొత్త పంట దాకా మిల్లు నిద్రపోయింది. అందుచేత చేసిన ఘనకార్యం బయటపడ్డానికి కార్తీకం పోవాల్సి వచ్చింది, ఈలోగా రంగు సంగతి అందరూ మర్చిపోయేరు.

మొదటి ట్రాక్టరు గున్నయ్యదే. వెనకాల చుట్టాలవి మరికొన్ని. కొత్త పంట రోజులని లోపల మోటారు ముందే తిప్పి ఉంచేరు. కాటా మీద బస్తా వేసేరు. అంకెలు డెబ్భై అన్నాయి, అరవై అయిదన్నాయి, డెబ్భై మూడన్నాయి, మళ్ళీ అరవై ఆరన్నాయి. సూర్యారావు కాసేపు చూసేడు. పెద్ద అంకె పడితే "కొత్త మిషను కదా, సర్దుకుంటోంది" అన్నాడు. చిన్న అంకె పడగానే "ఆఁ, ఇప్పుడు సర్దుకుంది" అన్నాడు. వ్యాపారస్తుడి కంటికి కాటా ఎప్పుడు సర్దుకుంటుందో చూసేరా!

గున్నయ్య కూడా చూసేడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మోటారు ఆగింది. కాటాకి లోపల బ్యాటరీ ఉంది గనక అంకెలు వెలుగుతూనే ఉన్నాయి, వెలగడమే కాదు, డెబ్భై ఒకటి దగ్గర కదలకుండా కూర్చున్నాయి. కరెంటు వచ్చింది, మోటారు తిరిగింది, అంకెలు మళ్ళీ గెంతడం మొదలెట్టేయి.

"అల్లుడా," అన్నాడు గున్నయ్య. గట్టిగా అనలేదు, అయినా అందరికీ వినపడింది. "మీ మోటారు ఆగితే నా దానిం బరువెక్కతంది. మీ మోటారు తిరిగితే తగ్గిపోతంది. ఎందుకలాగ?"

సన్యాసయ్యకి ఎందుకో తెలీదు. ఒంట్లో ఒక్క వెంట్రుకకి కూడా తెలీదు. కానీ పదేళ్ళుగా నోటికి పట్టిన అలవాటు బుర్రని అడిగి రాదు కదా.

"అదా మావా, నాకు తెల్సు."

సూర్యారావు నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు.

"తెల్సా?" అన్నాడు గున్నయ్య. "తెలిసే సేసేవన్నమాట. ఓరి దుర్మార్గుడా! నిన్ను సూపించి ఈల్లందర్నీ ఇక్కడికి తోలుకొచ్చేన్రా నాను. మా అల్లుడుండగా అన్నాయం జరగదని సెప్పేను." బస్తాలు తిరిగి ఎక్కించమన్నాడు. ఎక్కేముందు వెనక్కి తిరిగి, "మా గుమ్మం తొక్కీసేవో, కాల్లిరగ్గొడతాను" అన్నాడు. ట్రాక్టర్లన్నీ వరసగా పద్మపూర్ మిల్లు దారి పట్టేయి.

ఆ తర్వాత సన్యాసయ్య పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. ముందు కరెంటుని భూమిలోకి దింపే ఎర్తు గుంత మీద పడ్డాడు. కొత్త గుంత తవ్వించి ఉప్పూ బొగ్గూ పోసి, పెళ్ళివారికి మర్యాద చేసినట్టు బిందెలతో నీళ్ళు పోసేడు. అంకెలు గెంతుతూనే ఉన్నాయి. కాటాని ఈ మూలనుంచి ఆ మూలకి జరిపించేడు, గెంతేయి. ట్రాన్స్‌ఫార్మరుని తిట్టేడు, టెలిఫోను వాళ్ళని తిట్టేడు, వంశధార మీంచి వచ్చే తేమని తిట్టేడు. నిమ్మకాయలు కట్టేడు. పెట్టె తలుపు తీసి లోపలికి చూసినప్పుడల్లా ఆ క్లాంపులు కళ్ళముందే ఉన్నాయి, నిగనిగలాడుతూ. వాటిని చూసి "ఇవి మాత్తరం దివ్వెంగా ఉన్నాయి" అనుకుని తలుపు వేసేసేవాడు.

ఆఖరికి ఎస్టీడీ బూత్ నుంచి విశాఖపట్నానికి ఫోను చేసేడు.

"క్లాంపులు బిగుతుగా ఉన్నాయా?" అన్నాడు సాయిగణేష్.

"నా సేత్తో బిగించేను బాబూ."

"కింద ఇనుము శుభ్రంగా ఉందా?"

"అద్దంలా మెరిసిపోతంది."

"మీరేమీ మార్చలేదు కదా?"

"దేవుడి పని తప్ప ఇంకో పని సెయ్యలేదండి."

దేవుడి పనంటే అగరొత్తులూ కుంకుమా అనుకున్నాడు ఇంజనీరు. నెలాఖరుకి వచ్చి చూస్తానన్నాడు. ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఇంత పూర్తిగా మోసం చేయడం అందరికీ చేతకాదు.

ఇంట్లో ఎర్రమ్మ అన్నం పెట్టేది, మాట్లాడేది కాదు. మాట్లాడినప్పుడు ఇంకా కష్టంగా ఉండేది. "మా అమ్మకి ఒంట్లో బాగోలేదట. సూడ్డానికెల్తే మా నాన్న గుమ్మంలో నిలబెట్టి, నీ మొగుడు తూకంలో కొట్టీసింది నీకెంత పెట్టేడే అని అడిగేడు. నాకిప్పుడు పుట్టిల్లు కూడా లేకండా సేసేవు" అని కళ్ళు తుడుచుకుంది. సన్యాసయ్య కంచం ముందు నుంచి లేచిపోయేడు. అతను గొప్పలు చెప్పుకునేవాడే గానీ దొంగ కాదు. ఒకరి గింజ ముట్టుకున్నవాడు కాదు. తెలివితక్కువవాడని అంటే పోట్లాడొచ్చు, దొంగవని అంటే ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు, తలుచుకుంటే ఏడుపొచ్చింది.

మర్నాడు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పద్మపూర్ మిల్లులోనూ అదే ఇంజనీరు అలాంటి డ్రైవే, అలాంటి కాటాయే బిగించేడు. ఆ మిల్లు మోటార్లు చూసేది లక్ష్మణుడు, వరసకి బామ్మర్ది, జిల్లాలో అంతకన్నా బద్ధకస్తుణ్ణి చూపిస్తే బహుమతి ఇవ్వొచ్చు. తన చేతిలోనే గెంతే అంకెలు వాడి చేతిలో నాట్యమే ఆడుతుంటాయి. ఆ సంగతి నలుగురికీ చూపిస్తే తప్పు మిషనుదని తేలిపోతుంది. మొదటి బస్సెక్కేడు.

వెళ్ళి చూస్తే మోటారు హోరుమని తిరుగుతోంది. కాటా మీద అంకె మాత్రం మేకు కొట్టినట్టుంది. సన్యాసయ్య బస్తా తీయించి మళ్ళీ పెట్టించేడు. కాటాని కాలితో తన్ని కూడా చూసేడు. కదల్లేదు. పెట్టె తలుపు తీసేడు. లోపల దుమ్ము, సాలీడు గూళ్ళు, ఒక బల్లి. ఆ అసహ్యం మధ్య రాగి వల మీద క్లాంపు, దాని కింద ఇంజనీరు ఆనాడు గీకిన తెల్ల ఇనుము, గీకింది గీకినట్టే.

"సీ, పూజకైనా ఇంత రంగు పులమలేదేట్రా?" అన్నాడు.

బస్తాల మీద వాలి ఉన్న లక్ష్మణుడు ఆవలించేడు. "అక్కడ రంగు తగిలితే షీల్డు పనిసెయ్యదు, ముట్టుకోవద్దు అన్నాడు కదా బావా ఆ ఇంజనీరు. నాకు సెయ్యమన్న పనే సెయ్యాలనిపించదు. వొద్దన్న పని ఏరే సేస్తానా? నీకూ సెప్పే ఉంటాడు."

సన్యాసయ్య నోరు తెరిచేడు. నాకు తెల్సు అనబోయేడు. రాలేదు. పెట్టె తలుపు మెల్లిగా మూసేసి బస్సు కోసం బయల్దేరేడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక బుర్ర పనిచేయడం మొదలెట్టింది, అలవాటు ప్రకారం వంకరగానే. ఎవరూ లేనప్పుడు వెళ్ళి రంగు గీకేస్తే సరి. కాటా బాగుపడుతుంది, ఏం చేసేవని అడిగితే ఏదో పెద్ద మాట చెప్పొచ్చు. ఇంటికొచ్చి ఎర్రమ్మకి చెప్పేడు. ఎర్రమ్మ చేట కింద పెట్టింది.

"గుట్టుగా బాగు సేసీసేవనుకో. మా నాన్న ఏటంటాడు? దొరికిపోయేడు గనక మానీసేడు అంటాడు. సచ్చేదాకా దొంగవే." ఆగి, మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "సూడు, దొంగ పెళ్ళాంగా నాను బతకలేను. ఎర్రిబాగులోడి పెళ్ళాంగా అయితే నాకు ఎలాగూ అలవాటే. సంత రోజుకి అందర్నీ తీసుకొస్తాను. అందరి ముందూ సెయ్యి."

సంత రోజున గున్నయ్య వచ్చేడు. కూతురి కోసం వచ్చేడు, మొహం మాత్రం పోలీసు స్టేషనుకి వచ్చినట్టు పెట్టుకున్నాడు. వెనక చుట్టాలంతా ఉన్నారు. సూర్యారావు కుర్చీలు వేయించేడు, ఎవరూ కూర్చోలేదు. మోటారు వేసి, బస్తా పెట్టి, ముందు గెంతుతున్న అంకెలు చూపించేడు సన్యాసయ్య. తర్వాత మోటారు ఆపి, పెట్టెలో క్లాంపు ఊడదీసి, కింద నెమలికంఠం రంగు అందరికీ చూపించేడు.

"ఈ రంగు నానే యేసేను. పూజకి. ఇక్కడ ఉత్త ఇనుమే ఉండాలి. ఇది అడ్డం పడి మోటారు రొదంతా కాటాకి కొట్టింది."

"మరి ఆ ఇంజనీరు చెప్పలేదటోయ్ నీకు?" అన్నాడు సూర్యారావు, కోపం ఆపుకోలేక.

"సెప్పేడండి. నాను యినలేదు." సన్యాసయ్యకి చెవులు మండుతున్నాయి. "నాకు తెల్సు అన్నాను. నాకేటీ తెలీదు."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. గున్నయ్య నవ్వలేదు. సన్యాసయ్య ఉప్పుకాగితం తీసుకుని గీకేడు. ప్రాణంగా చూసుకున్న రంగు పొడిపొడిగా రాలి చొక్కా మీద పడింది. తెల్ల ఇనుము తేలేక క్లాంపు బిగించి మోటారు వేయించేడు. అంకెలు కాస్త తగ్గేయి గానీ, ఇంకా గెంతుతూనే ఉన్నాయి.

జనంలో గుసగుస లేచింది. ఎర్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకో కొస ఉంది మావా," అన్నాడు సన్యాసయ్య గాభరాగా. "మోటారు కాడ. రెండు కొసలూ ఉండాల. అక్కడా నానే యేసేను." మళ్ళీ మోటారు ఆపి అటు పరిగెత్తి క్లాంపు ఊడదీసేడు. తొందరలో స్పానరు జారి కింద పడింది.

గున్నయ్య ముందుకొచ్చి అతని చేతిలో ఉప్పుకాగితం లాక్కున్నాడు. "తప్పుకో. ఇది నాను గీకుతాను. ఏటుందో నా కంటితో సూస్తాను." ముసలాయన మోటారు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాగలి పట్టిన చేతులు, గీకడం మొదలెడితే ఆగలేదు. గోటితో కూడా గోకి చూసేడు. రంగు, దాని కింద ఇంకో పొర రంగు, దాని కింద ఇనుము. దొంగ తీగ లేదు, దొంగ మీట లేదు, ఏమీ లేదు. క్లాంపు సన్యాసయ్య బిగించేడు.

మోటారు తిరిగింది. కాటా మీద డెబ్భై ఒకటి పడింది. కదల్లేదు. గున్నయ్య బస్తా తీయించి మళ్ళీ వేయించేడు. డెబ్భై ఒకటే. ఆ అంకె మీద వేలు పెట్టి మరీ చూసేడు.

"అయితే," అన్నాడు చివరికి, "ఎవడూ కొట్టీలేదు."

"లేదు మావా."

"అందం కోసం యేసేవు."

"అవును మావా."

"ఓర్నీ రంగు తగలెయ్య! దీనికోసం నువ్వు దొంగవని మూడు ఊర్లలో సెప్పుకున్నానురా. నా ఇంటి ఆడపిల్లని గుమ్మంలో నిలబెట్టేను." ఆయన ఎర్రమ్మకేసి చూడలేక నేలకేసి చూసేడు. తర్వాత అల్లుడి చొక్కా మీద రంగు పొడి చేత్తో దులిపేడు, దులిపినట్టు కాదు, నాలుగు దెబ్బలు వేసినట్టు. "పద. అత్త నీకోసం అన్నం తినడం మానీసి కూకుంది. బోయినానికి పద."

సన్యాసయ్య కళ్ళమ్మట నీళ్ళు జలజలా కారిపోయేయి. అందరూ చూస్తున్నారని తెలిసి, కంట్లో రంగు పొడి పడిందన్నాడు.

"నాకు తెల్సులే," అన్నాడు గున్నయ్య, తన కళ్ళు కూడా తుడుచుకుంటూ.